పొడి పొట్లమూ, పది అడుగులూ

అవ్వకు తుంటి విరిగినప్పట్నుంచి మా ఇంటికొచ్చే చుట్టాలు మొదట అడిగేది ఒకటే: "విటమిన్ డి పొడి ఇస్తా ఉండారా?" వారానికొక పొట్లం, 60,000 యూనిట్లు, పాలల్లో కలిపి తాగించేది. ఇస్తా ఉన్నామంటే వాళ్ళకు నెమ్మది. "లేపి నడిపిస్తా ఉండారా?" అని అడిగినవాళ్ళు మాత్రం ఇద్దరో ముగ్గురో. మన కోలారు పక్క చాలా ఇళ్ళల్లో పెద్దవాళ్ళున్నారు కాబట్టి ఈ రెండో ప్రశ్న గురించి రాస్తున్నాం.

ముందు మాట సంగతి. డాక్టరు కన్నడలో "సొంట మూళె" అన్నారు. మేము చదివిందంతా కన్నడ మీడియమే, ఆ మాట కొత్త కాదు. కానీ కన్నడలో నడుమూ సొంటే, తుంటీ సొంటే. మామ దాన్ని నడుము అనుకున్నాడు. నడుము విరిగితే మూడు నెలలు మంచం దిగకూడదని ఆయన లెక్క. విరిగింది తొడ ఎముక మెడ, అంటే తుంటి గిన్నెలో కూర్చునే గుండ్రటి కొనకు కింద ఉండే సన్నటి చోటు. ఆపరేషన్ అయిన మరుసటి రోజే అవ్వను లేపి నిలబెట్టినారు. ఇప్పటి పద్ధతి అదే. పడుకునే కొద్దీ తొడల్లో కండ కరిగిపోతుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, వీపు మీద పుండ్లు పడతాయి.

ఇంటికొచ్చినాక అసలు గొడవ. "పొడి తాగుతా ఉంది కదా, ఎముక అదే అతుక్కుంటుంది, తొందరేముంది?" అని మామ. "మళ్ళీ పడితే?" అని అవ్వ. ఆ భయం ఉత్తది కాదు, ఒకసారి పడి విరిగినవాళ్ళు మళ్ళీ పడేది ఎక్కువే. అమ్మ మాత్రం రోజూ వాకరు తెచ్చి మంచం పక్కన పెట్టేది, ఏమీ అనకుండా.

మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగు పని. రెండు మార్పులు ఒకేసారి చేసి, బాగుపడింది కదా అంటే మేము ఒప్పుకోము, ఏది పనిచేసిందో విడదీసి చూపించాల. అట్లా విడదీసిన పరిశోధన ఒకటి స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో జరిగింది, 2010లో అచ్చయింది. తుంటి విరిగిన 173 మంది, సగటు వయసు 84. కొందరికి రోజుకు 800 యూనిట్ల విటమిన్ డి, కొందరికి 2,000. ప్రతి గుంపులోనూ మళ్ళీ సగం మందికి ఆసుపత్రిలో రెట్టింపు సేపు వ్యాయామం, ఇంటికి పోయినాక చేసుకోవడానికి కూడా వ్యాయామాలు. ఏడాది తర్వాత చూస్తే ఎక్కువ వ్యాయామం చేసినవాళ్ళు పడడం 25 శాతం తగ్గింది. ఎక్కువ విటమిన్‌తో పడడం తగ్గలేదు. అయితే మళ్ళీ ఆసుపత్రిలో చేరడం మాత్రం ఎక్కువ విటమిన్ తీసుకున్నవాళ్ళల్లో 39 శాతం తగ్గింది. కాబట్టి పొడి ఉత్తదే అని తీసిపారేయడానికి లేదు. పైగా అక్కడ విటమిన్ అసలే లేని గుంపు లేదు, అందరికీ కనీసం 800 అందింది. పొడి చేసే పని పొడిది, కాళ్ళు చేసే పని కాళ్ళది.

ఎక్కువైతే మంచిదే అనుకునేవాళ్ళకు ఇంకొకటి. అదే జ్యూరిక్‌లో 70 దాటి, అప్పటికే ఒకసారి పడిన 200 మందికి నెలనెలా మందిచ్చి చూసినారు. నెలకు 24,000 యూనిట్లు తీసుకున్నవాళ్ళల్లో ఏడాదిలో 48 శాతం మంది పడితే, 60,000 తీసుకున్నవాళ్ళల్లో 67 శాతం మంది పడినారు. వీళ్ళు తుంటి విరిగినవాళ్ళని కాదు, అయినా ఆ 60,000 మన పొట్లం అంకెే కదా! అవ్వకు రక్తపరీక్షలో బాగా తక్కువుందని డాక్టరు ఎనిమిది వారాలకు రాసిచ్చినారు. ఎనిమిదో పొట్లం అయినాక ఇంకొకటి మేము కొనలేదు, మళ్ళీ పరీక్ష చేయించి అడిగినాం. చీటీ లేకుండా అడిగితే ఇచ్చే మందులంగళ్ళు ఉన్నాయి, అందుకే చెప్తున్నాం.

ఇంత ఎండలో మనకు విటమిన్ డి తక్కువేమిటని పిన్నమ్మ అడిగింది. తిరుపతిలో ఎండ తక్కువా? అక్కడి డాక్టర్లు 2007లో అచ్చువేసిన పరిశోధనలో పల్లెల్లోనూ పట్నంలోనూ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళల్లోనే విటమిన్ డి తక్కువని తేలింది, తిండిలో కాల్షియమూ తక్కువే. అందులోనూ వయసు మీదపడితే చర్మం ఎండనుంచి విటమిన్ చేసుకునే శక్తి తగ్గుతుంది. రాగి సంగటి మానాల్సిన పని లేదు, రాగుల్లో కాల్షియం బాగా ఉంది. దాంతోబాటు పెరుగో మజ్జిగో ఉండాల, మాంసకృత్తులకు పప్పు, గుడ్డు ఉండాల. అవ్వ గుడ్డు ముట్టదు, కాబట్టి పప్పు గట్టిగా చేస్తాం.

మామను ఒప్పించింది పరిశోధన కాదు. ఫిజియో వచ్చిన రోజు అవ్వ కాలు ఎంత సన్నబడిందో బట్ట తీసి చూపించింది. ఆ సాయంత్రం ఆయనే వాకరు పట్టుకున్నాడు. మొదటి రోజు నాలుగడుగులు, వారానికి పది. ఇప్పుడు కుర్చీలోంచి చేతులూనకుండా లేవడం పొద్దున అయిదు సార్లు, సాయంత్రం అయిదు సార్లు. బచ్చలింట్లో పట్టుకోవడానికి కడ్డీ వేయించినాం, రాత్రి దీపం ఆర్పడం లేదు. దేవుని గది దాకా తనే పోతుంది. గడప దాటేటప్పుడు మాత్రం ఇంకా ఎవరినో ఒకరిని పిలుస్తుంది.