మొదటిది ఆడకుండా రెండోది ఆడవచ్చునా?

(బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి, రామన్నపేట)

ప్రతి సంవత్సరం మన సావనీరులో నిరుద్యోగం మీద, వరకట్నం మీద, విద్యార్థులు–రాజకీయాల మీద వ్యాసాలు వస్తుంటాయి. అవన్నీ అవసరమైనవే. నేను వీడియో గేముల మీద రాస్తానంటే మాత్రం మిత్రులు కొందరు నవ్వారు. ఆ నవ్వినవాళ్లే రాత్రి పది దాటినంక హాస్టల్ వరండాలో కూర్చొని ఏ విషయం మీద గొంతులు చించుకుంటారో నాకు తెలుసు. అందుకే ధైర్యం చేసి రాస్తున్నాను.

వాళ్ల వాదన ఇది. ఒక ఆటకు రెండో భాగం వచ్చింది. మొదటి భాగం ఆడినవాడే దాన్ని ఆడాలా? లేక ఎవడైనా నేరుగా రెండోదాంట్లోకి దిగవచ్చునా? ఒక పక్షం వారు "పునాది లేకుండ మేడ ఎట్ల కడ్తవ్‌రా?" అంటారు. రెండో పక్షం వారు "ఆట అంటే ఆడుకోవడానికి, దానికీ ఎంట్రన్సు పరీక్షనా?" అంటారు. వినేవాడికి ఇద్దరిదీ నిజమే అనిపిస్తుంది. నేను మొదట చాలా రోజులు ఏ పక్షమూ చేరలేదు. ఎందుకంటే ఈ వాదన నేను మా ఇంట్లో చిన్నప్పటినుండీ వింటున్నదే.

మాది వ్యవసాయ కుటుంబం. వరి, పత్తి వేస్తాం. మా నాయిన ట్రాక్టరు నడుపుతాడు. మా తాతకు ట్రాక్టరంటే కోపం లేదు గాని, నాగలి పట్టనివాడు ట్రాక్టరు ఎక్కితే మాత్రం కోపం. "నాగలి పట్టినోనికే నేల సంగతి తెలుస్తది. ఏడ రాయి ఉంది, ఏడ చౌడు ఉంది, ఎంత లోతుకు పోవాలె అని చెయ్యే చెప్తది" అంటాడు. మా నాయిన ఊరుకోడు. "నాగలి నేర్చుకునేదాక ఆగితే అదును ఆగుతదా నాయినా? పదును పోయినంక ఏం దున్నుతం?" అంటాడు. ఇద్దరూ ఒకే చెలకలో నిలబడి వాదించుకునేవారు. తాత చెప్పేది పనితనం గురించి. నాయిన చెప్పేది అందుబాటు గురించి. హాస్టల్ వరండాలో జరిగేది కూడా సరిగ్గా ఇదే.

ముందుగా, 'మొదటిది' అంటే ఏది అనే ప్రశ్న వుంది. ఇది కనిపించినంత సులభం కాదు. మా పెద్దనాయిన కొడుకు, అంటే మా అన్న, ఒకప్పుడు నెట్ సెంటరులో గంటకింత అని కట్టి 'వైస్ సిటీ' ఆడేవాడు. మన తెలుగు జిల్లాల్లో ఆ వయసు వాళ్లలో ఆ ఆట తెలియనివారు తక్కువ. అది 2002లో వచ్చింది. దానికి ముందు 2001లో 'జీటీఏ–3' వచ్చింది. కాని వైస్ సిటీ కథ నడిచేది 1986లో, అంటే అంతకు ముందు వచ్చిన ఆట కథ కంటే వెనుక కాలంలో. 2004లో వచ్చిన 'శాన్ ఆండ్రియాస్' కథ 1992లో నడుస్తుంది. వచ్చిన వరుసలో ఆడాలా, కథ వరుసలో ఆడాలా? మా అన్న మొదలు ఆడింది వైస్ సిటీయే. జీటీఏ–3 అనేది ఒకటున్నదని కూడా అతనికి తెలియదు. అతని ఆనందంలో వీసమంత తక్కువ కాలేదు. ఒక్కో ఆటలో కథానాయకుడు వేరు, కథ వేరు, ఎక్కువ భాగం ఊరు కూడా వేరు. ఇటువంటి చోట్ల 'ముందు మొదటిది' అనే మాటకు బలం లేదు.

మారియో సంగతి ఇంకా తమాషా. 'సూపర్ మారియో బ్రదర్స్' 1985లో జపానులో వచ్చింది. దాని రెండో భాగం 1986లో అక్కడే వచ్చింది. అది మరీ కఠినంగా వుందని బయటి దేశాలకు పంపలేదు. దానికి బదులు, మారియోతో ఏ సంబంధమూ లేని మరో జపాను ఆటను తీసుకొని, అందులో మారియో బొమ్మలు పెట్టి, 1988లో అమెరికాలో 'సూపర్ మారియో–2' అని అమ్మారు. అసలు రెండోది బయటివాళ్ల చేతికి 1993లో గాని అందలేదు. అంటే లక్షల మంది పిల్లలు రెండోది అనుకొని ఆడింది రెండోదే కాదు! అయినా వాళ్లెవరూ చెడిపోలేదు. అంకెను చూసి వరుసను నిర్ణయించేవారు ఈ ముచ్చట గుర్తుంచుకోవాలి.

అయితే అన్నీ ఇటువంటివే అనుకుంటే మా తాతకు అన్యాయం చేసినట్టవుతుంది. మొదటిది ఆడకపోతే నిజంగానే నష్టం జరిగే ఆటలున్నాయి. 'ది లాస్ట్ ఆఫ్ అస్' అనే ఆట 2013లో వచ్చింది. దాని చివర ఆసుపత్రిలో జోయెల్ అనే పాత్ర ఒక పని చేస్తాడు. అది మంచిదో చెడ్డదో ఇప్పటికీ తెగలేదు. సినిమాలో అయితే ఆ పని వేరెవరో చేస్తుంటే మనం చూస్తాం. ఆటలో అయితే బటను నొక్కేది మన వేలే. 2020లో వచ్చిన రెండో భాగం మొత్తం ఆ పనికి వచ్చిన ఫలితం మీదనే నడుస్తుంది. మొదటిది ఆడినవాడికి ఆ ఫలితం తన మెడకు చుట్టుకున్నట్టుగా వుంటుంది. ఆడనివాడికి అది పక్కూరి తగాదా. కథ తెలిసి వుండటం వేరు, మన చేతితో చేసి వుండటం వేరు. "చెయ్యే చెప్తది" అని మా తాత అన్నది ఇదే.

ఇంకొక కారణం కూడా వుంది. కొత్తదాని తర్వాత పాతదానికి పోవడం ఎక్కుడు బాట. కొత్త ఆటలో బొమ్మలు నున్నగా వుంటాయి, దారి చూపించే గుర్తులుంటాయి, తప్పిపోతే ఆటే చేయి పట్టుకొని నడిపిస్తుంది. దానికి అలవాటుపడ్డ చేయి పాత ఆట ముందు విసుక్కుంటుంది. ట్రాక్టరు సీటు మీద పెరిగిన పిల్లవాడిని మిట్టమధ్యాహ్నం ఎడ్ల వెనక నడవమంటే ఎన్ని సాళ్లు నడుస్తాడు? కాబట్టి రెండూ చేతికి అందేవాడు, తీరిక వున్నవాడు, ముందు పాతదే ఆడాలి. ఇందులో నాకు సందేహం లేదు. పాతదాని కరుకుదనం తెలిసినవాడికే కొత్తదాంట్లో ఏం మెరుగుపడిందో, ఏం పోయిందో తెలుస్తుంది.

కాని 'రెండూ అందేవాడు' అన్నాను చూడండి, అసలు చిక్కంతా అక్కడే వుంది. కొత్తగా వచ్చే పెద్ద ఆట ఒక్కదాని ధర ఇప్పుడు దగ్గర దగ్గర ఐదు వేలు. 2025–26 సంవత్సరానికి సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే ఒక్క ఆట రెండు క్వింటాళ్ల వడ్లు! "ముందు మొదటిది ఆడి రా" అని ఒక రైతు కొడుకుతో అంటే, ఇంకో రెండు క్వింటాళ్లు తూకం వేసి రా అన్నట్టే. పాతవి చవకగానే దొరుకుతాయి గదా అంటారు. కొన్ని దొరుకుతాయి, నిజమే. కాని అమెరికాలో వీడియో గేముల చరిత్రను కాపాడే సంస్థ ఒకటి 2023లో లెక్క తీస్తే, ఆ దేశంలో 2010కి ముందు వచ్చిన ఆటల్లో నూటికి 87 ఇప్పుడు కొనడానికి దొరకవని తేలింది. ఆటలు పుట్టి పెరిగిన దేశంలోనే పరిస్థితి అది.

డబ్బున్నా దొరకనివి వున్నాయి. 'రెడ్ డెడ్ రిడెంప్షన్' మొదటిది 2010లో వచ్చింది, కాని కంప్యూటరు మీద ఆడటానికి రాలేదు. రెండోది కంప్యూటరుకు 2019లో వచ్చింది. మొదటిది కంప్యూటరుకు వచ్చేసరికి 2024 అక్టోబరు అయింది. ఆ ఐదేళ్లు కంప్యూటరు మాత్రమే వున్నవాడు మొదటిది ఎక్కడినుండి తెచ్చి ఆడాలి? పైగా రెండోదాని కథ 1899లో, మొదటిదాని కథ 1911లో జరుగుతాయి కాబట్టి, రెండోది ముందు ఆడినవాడు కథ వరుసలోనే ఆడినట్టు. ఇక 2016లో వచ్చిన 'ఓవర్‌వాచ్' సంగతి చెప్పనే అక్కరలేదు. 2022 అక్టోబరులో రెండోదాన్ని తెరవడానికి మొదటిదాన్ని పూర్తిగా మూసేశారు. పాత బడిని కూలగొట్టి కొత్త బడి కట్టినంక, పాత బడిలో చదివి రమ్మంటే ఎట్లా?

ఇటువంటి ఇబ్బంది మనవాళ్లకు కొత్త కాదు. ఆంధ్ర మహాభారతమే తీసుకోండి. పదకొండో శతాబ్దంలో నన్నయ ఆది, సభా పర్వాలు పూర్తిచేసి, అరణ్యపర్వం మధ్యలో ఆపారు. పదమూడో శతాబ్దంలో తిక్కన ఆ ఆగిన చోటును ముట్టుకోకుండా, విరాటపర్వం నుండి మొదలుపెట్టి పదిహేను పర్వాలు రాశారు. అరణ్యపర్వంలో మిగిలినదాన్ని పూరించింది పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన. అంటే తిక్కన తరువాత ఎర్రన వచ్చేదాకా, తెలుగులో భారతం చదివేవాడికి నడుమ ఒక గండి వుండనే వుంది. ఆ గండి పూడినంకనే చదువుతామని ఎవరూ కూర్చోలేదు.

వానలు వెనకబడ్డ ఏడు విరాటపర్వం చదివిస్తే వాన పడుతుందని మన పల్లెల్లో నమ్మకం. సైన్సు విద్యార్థిని కనుక ఆ నమ్మకం జోలికి నేను పోను. నా దృష్టి అక్కడ కూర్చొని వినేవాళ్ల మీద వుంది. నాలుగో పర్వంతో కథ మొదలవుతుంటే, ముందరి మూడు పర్వాలు చదివినవాళ్లు అందులో ఎందరుంటారు? తెలిసిన పెద్దమనిషి ఒకడు, "జూదంల ఓడి పన్నెండేండ్లు అడవులల్ల తిరిగిండ్రు, ఇగ ఇప్పుడు పేర్లు మార్చుకొని విరాటరాజు కొలువుల దాసుకున్నరు" అని రెండు ముక్కలు చెప్తే సరిపోయేది. ఆ రెండు ముక్కలతో ఊరంతా కథలో కలిసేది.

మన ఉమ్మడి జిల్లా రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి నవల 'గంగు' నేను లైబ్రరీలో దొరికితే చదివిన. అది ఆయన 'ప్రజల మనిషి'కి కొనసాగింపు. 1961లో ఆయన చనిపోయేనాటికి పూర్తికాలేదు. ముందున్న నవల నాకు దొరకలేదు. వెట్టి గురించి, దొరల కాలం గురించి తాత చెప్పినవి మనసులో వుండబట్టి నాకు దారి తెలిసింది. తర్వాత 'ప్రజల మనిషి' కోసం వెతుక్కొని మరీ చదివిన. మొదలు 'గంగు' చదవకపోతే ఆ వెతుకులాటే వుండేది కాదు. వెనుక నుండి వచ్చినవాడు కూడా ముందుకు చేరుకుంటాడు, దారి మూయకపోతే.

ఆటలు తయారుచేసేవాళ్లకు కూడా ఈ సంగతి తెలుసు. 'మాస్ ఎఫెక్ట్' అనే ఆటలో మొదటి భాగంలో మనం చేసిన నిర్ణయాలను రెండో భాగం గుర్తుపెట్టుకుంటుంది. ఎవరిని బతికించినం, ఎవరిని వదిలేసినం అనేది దానికి తెలుసు. 2011లో ఆ రెండో భాగాన్ని ప్లేస్టేషన్–3కు తెచ్చినప్పుడు, మొదటిది ఆ యంత్రానికి లేదు. అప్పుడు వాళ్లు బొమ్మల కథ ఒకటి చేసి, నడుమ నడుమ "ఇక్కడ నువ్వైతే ఏం చేస్తావు?" అని అడిగి, ఆ జవాబులతో రెండో ఆటను మొదలుపెట్టించారు. రచ్చబండ మీది పెద్దమనిషి చేసిన పనినే వాళ్లు యంత్రంతో చేయించారన్నమాట. ఆడిన అనుభవమంతా అందులో రాదు. కాని తలుపైతే తెరుచుకుంటుంది.

ఈ తలుపు విలువ నాకు ఆటల్లో కంటే చదువులో ఎక్కువగా తెలిసింది. తెలుగు మీడియంలో ఇంటరు చదివి డిగ్రీకి వచ్చినప్పుడు, కంప్యూటరు ల్యాబులో నేను మౌసు పట్టింది అదే మొదలు. చుట్టూ వున్నవాళ్లు చిన్నప్పుడే మొదటి భాగం ఆడేసి వచ్చిండ్రు. నేను నేరుగా రెండో భాగంలో పడ్డ. "ఇది కూడ తెల్వదా?" అన్నవాళ్లు వున్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, వాళ్లకు అది ఎప్పుడు తెలిసిందో వాళ్లకే గుర్తులేదు. పక్క బెంచీ మిత్రుడొకడు మాత్రం సాయంత్రం అరగంట కూర్చోబెట్టి, "ఇంతవరకు జరిగిన కథ ఇది" అన్నట్టుగా చెప్పిండు. ఆ అరగంట లేకపోతే ఈ మూడేళ్లు ఎట్లా గడిచేవో! పునాది లేదని నన్ను వెనక్కి పంపివుంటే నేను పోయేది పునాది దగ్గరికి కాదు, ఇంటికి.

కనుక నా అభిప్రాయం చెప్తాను. మొదటి ఆట ముందు ఆడమనడం మంచి సలహా. చేతనైనవాడు తప్పక పాటించాలి. దాన్ని షరతుగా మారిస్తే మాత్రం అది ఆట మీద ప్రేమ అనిపించుకోదు, గేటు దగ్గర కాపలా అవుతుంది. మొదటిది ఆడినవాడికి ఒక బాధ్యత వుంది. కొత్తగా వచ్చినవాడిని పక్కన కూర్చోబెట్టుకొని, వాడి ఆనందం చెడకుండా, కావలసినంత కథ చెప్పాలి. కొత్తవాడికీ ఒక బాధ్యత వుంది. రెండోది నచ్చితే అక్కడే ఆగిపోకుండా, వీలు చిక్కినప్పుడు మొదటిదాన్ని వెతుక్కొని పోవాలి. బొమ్మలు మోటుగా వున్నాయని నవ్వకుండా, ఒక గంట ఓపిక పట్టాలి.

వచ్చే జూన్–జూలైలో కొత్త జూనియర్లు వస్తారు. వాళ్లలో చౌటుప్పల్ నుండి, వలిగొండ నుండి, మునుగోడు నుండి వచ్చేవాళ్లు వుంటారు. ఆటలోనైనా, ల్యాబులోనైనా వాళ్లు నడుమ నుండే మొదలుపెడతారు. మిత్రులారా, వాళ్లను చూసి "మొదటిది ఆడలేదా?" అని అడగండి, తప్పులేదు. లేదంటే మాత్రం జరిగి కొంచెం చోటివ్వండి.