అనుభవానికి వారసులు

ఒక కార్యాలయానికి ఉన్న ఆస్తులేవని అడిగితే భవనాలు, యంత్రాలు, నిధులు అని వెంటనే చెబుతాం. ముప్ఫై ఏళ్ల అనుభవాన్ని వెంట తీసుకొని ఒక ఉద్యోగి పదవీ విరమణ చేస్తే కలిగే లోటు మాత్రం ఏ జమాఖర్చుల పుస్తకంలోనూ కనిపించదు. పనిచేసేవారి జ్ఞానాన్ని సేకరించి, భద్రపరచి, అవసరమైన వారికి సకాలంలో అందించే ప్రయత్నాన్నే విజ్ఞాన నిర్వహణ అంటారు.

గోదావరి డెల్టాలో నీటిపారుదల ఇంజనీరుగా పనిచేసిన కాలంలో దాని విలువ నాకు బోధపడింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత విస్తరించిన కాలువలను కంటికి రెప్పలా కాపాడుతూ వచ్చినవారు లస్కర్లు. మా సెక్షనులోని ఒక లస్కరు పెద్దగా చదువుకోలేదు. వరద రోజుల్లో గట్టు వెంబడి నడుస్తూ, దిగువన ఊరే నీటిని దోసిట పట్టి చూసేవారు. “తేట నీరైతే కనిపెట్టుకొని ఉందామండి. మట్టి రంగు తిరిగితే మాత్రం ఇసుక బస్తాలు తెప్పించాలండి” అనేవారు. ఊటతోపాటు మట్టి కొట్టుకువస్తున్నదంటే గట్టు లోపల గుల్లబారుతున్నదని అర్థం. ఈ సూత్రం పుస్తకాలలో ఉన్నదే. కాని ఏ వంపు దగ్గర, ఏ తూము పక్కన ముందుగా ఊట పుడుతుందో ఆయనకే తెలుసు. ఆ వివరం ఏ దస్త్రంలోనూ లేదు.

మాటల్లో పెట్టలేని ఇటువంటి జ్ఞానాన్ని గురించి మైకేల్ పోలానీ 1966లో వెలువడిన తన గ్రంథంలో చర్చించాడు. దానిని పదిమందికీ పంచగల సంస్థలే కొత్తదనాన్ని సృష్టిస్తాయని జపాన్ ఆచార్యులు నొనాకా, తకెయుచి 1995లో వివరించారు.

ఈ పనిలో సాఫ్ట్‌వేర్ ఏజెంట్లు మనకు తోడ్పడగలవు. సాధారణ ప్రోగ్రాము ఆజ్ఞాపించిన పనిని మాత్రమే చేస్తుంది. ఏజెంటు అప్పగించిన లక్ష్యాన్ని గుర్తుంచుకొని, పరిసరాలను గమనిస్తూ తదుపరి చర్యను తానే ఎంచుకుంటుంది. యజమాని పనితీరును చూసి నేర్చుకొనే ఏజెంట్లను గురించి ప్యాటీ మేస్ 1994లోనే రాసింది. నేటి ఏజెంట్లు వేల పుటల నివేదికలను వెదకి, కావలసిన పేరాను నిమిషాలలో మన ముందుంచగలవు. రికార్డు గదిలో దుమ్ము దులుపుతూ రోజంతా వెదికిన నాకు అది చిన్న మేలుగా తోచదు.

అయితే, రాయని దానిని ఏజెంటు చదవలేదు. అంతేకాదు, తెలియని చోట తెలిసినట్లే ధీమాగా సమాధానమిచ్చే ప్రమాదమూ ఉంది. వరద వేళ అటువంటి సమాధానాన్ని నమ్మితే ఊళ్లు మునుగుతాయి. అందువల్ల ప్రతి సమాధానానికీ ఆధారాన్ని చూపమని అడగాలి; గట్టు మీదికి వెళ్లి సరిచూడాలి.

ఇందులో మరొక ధర్మసూక్ష్మం ఉంది. తన విద్యనంతా యంత్రానికి అప్పగిస్తే రేపు తన అవసరం తీరిపోతుందేమోనని ఉద్యోగి భయపడటం సహజం. ఆ భయాన్ని పోగొట్టవలసిన బాధ్యత సంస్థదే. ఎవరి అనుభవమో వారి పేరుతోనే నమోదు చేయాలి. దానికి తగిన గౌరవాన్ని, ప్రతిఫలాన్ని ఇవ్వాలి. నమ్మకం లేని చోట ఎవరూ మనసు విప్పి చెప్పరు.

రేపు మీరు ఏ ఉద్యోగంలో చేరినా మీ బల్ల మీద ఇటువంటి సహాయకుడు సిద్ధంగా ఉండవచ్చు. దానిని చక్కగా ఉపయోగించుకోండి. దానితోపాటు, మీ పక్కన పనిచేసే పెద్దలను అడగండి, వినండి, వారి మాటలను రాసి పెట్టండి. మీరు రాసినదే మీ తరువాత వచ్చేవారికి ఆ యంత్రం అందించగలదు.