ఒక్క యాంటెన్నా, ఇంటినిండా రేడియో

బ్రిటన్‌లో డాబ్ అనే డిజిటల్ రేడియోకు గోడలే పెద్ద అడ్డంకి. 220 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల వచ్చే ఆ సంకేతం అటకమీది యాంటెన్నాకు పుష్కలంగా అందినా, మందపాటి రాతిగోడల వెనక ఉన్న వంటింట్లో చిక్కిపోతుంది. ఎఫ్‌ఎం అయితే బలం తగ్గినా బరబరమంటూ వినిపిస్తూనే ఉంటుంది. డాబ్ కాసేపు గుడగుడలాడి మూగబోతుంది. అందుకే సంకేతం బాగా దొరికే చోట ఒకే రిసీవర్ పెట్టి, అక్కడి నుంచి ఇంటి నెట్‌వర్క్ మీద గదిగదికీ పాట పంపడం మంచి మార్గం. ఇంటర్నెట్ రేడియో ఉండగా ఇదంతా ఎందుకన్న ప్రశ్నకు జవాబు తేలిక: బయటి కనెక్షన్ తెగినా ఈ ఏర్పాటు పలుకుతుంది, లాగిన్ అడగదు, ఎవరు ఏం విన్నారో ఎక్కడా రాసిపెట్టదు.

రిసీవర్‌కు ఖర్చు కూడా ఎక్కువ కాదు. టీవీ చూడ్డానికి అమ్మే చవకరకం యూఎస్‌బీ డాంగిళ్లలోని ఆర్‌టీఎల్2832యూ అనే చిప్ ముడి రేడియో నమూనాలను నేరుగా కంప్యూటర్‌కు ఇవ్వగలదని 2012 ప్రాంతంలో అందరికీ తెలిసింది. మిగతా పని వెల్లే.ఐఓ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. డాబ్‌లో స్టేషన్లు విడివిడిగా రావు. ఒకటిన్నర మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఒకే మూటలో గుంపుగా వస్తాయి. 225.648 మెగాహెర్ట్జ్ దగ్గర బీబీసీ జాతీయ స్టేషన్లన్నీ అలాగే కలిసి ప్రయాణిస్తాయి. కాబట్టి ఒక్క డాంగిల్‌తోనే వంటింట్లో రేడియో 4 వార్తలు, పడగ్గదిలో రేడియో 3 సంగీతం ఏకకాలంలో వినవచ్చు. మామూలు రేడియో సెట్టు చేయలేని పని ఇది.

ఆ మూటను ఎక్కడ విప్పాలన్నది అసలు ప్రశ్న. ముడి నమూనాలనే నెట్‌వర్క్‌పై పంపితే సెకనుకు దాదాపు 33 మెగాబిట్లు కావాలి. వైఫైకి అది అనవసరపు బరువు. యాంటెన్నా పక్కనున్న చిన్న కంప్యూటరే విప్పేస్తే ఒక స్టేషన్‌కు సుమారు 100 కిలోబిట్లు చాలు. ఆ బిట్లను ముట్టుకోకుండా ప్లేయర్లకు చేరవేయగలిగితే అంతకన్నా మేలు లేదు. పాత డాబ్ వాడిన ఎంపీ2 ధ్వని రూపాన్ని వీఎల్‌సీ ప్లేయర్ సులువుగా పలికిస్తుంది. 2007లో వచ్చిన డాబ్ ప్లస్ దగ్గరే తిరకాసు. అందులోని ఏఏసీ అనే ధ్వని రూపం, ఒక్కో ఫ్రేములో సాధారణంగా ఉండే 1024కు బదులు 960 నమూనాలు పెడుతుంది. చాలా ప్లేయర్లకు అది మింగుడుపడదు. అందువల్ల పూర్తిగా విప్పి మరో రూపంలోకి మార్చక తప్పదు. అసలే బాగా నొక్కిన ధ్వనిని మళ్లీ ఎంపీ3గా నొక్కితే తాళాల మోత, చప్పట్ల సవ్వడి చెదురుతాయి. ఏమీ పోగొట్టకుండా నొక్కే ఫ్లాక్‌గా పంపితే ఆ రెండో నష్టం ఉండదు. నొక్కకుండా పంపే 48 కిలోహెర్ట్జ్ స్టీరియోకే ఒకటిన్నర మెగాబిట్లు సరిపోతాయి, ఫ్లాక్‌కు అంతకన్నా తక్కువే. ఇంటి నెట్‌వర్క్‌కు అదేమంత భారం కాదు కనుక, ప్లేయర్ ఒప్పుకున్న ప్రతిచోటా ఫ్లాక్‌నే ఎంచుకోవాలి. లాజిటెక్ 2012లో ఆపేసిన స్క్వీజ్‌బాక్స్ ప్లేయర్లు కూడా దాన్ని హాయిగా అందుకుంటాయి. వాటి సర్వర్ నేటికీ లిరియన్ పేరుతో బతికే ఉంది.

ప్లేయర్లు కొన్నే అయితే ఒక్కోదానికీ విడిగా స్ట్రీమ్ పంపడం మంచిది. అందరికీ కలిపి ఒకేసారి పంపే మల్టీకాస్ట్ కేబుల్ మీద చక్కగా నడుస్తుంది; వైఫై మీద మాత్రం పోయిన ప్యాకెట్‌ను తిరిగి పంపే ఏర్పాటు లేక ధ్వని తెగుతుంటుంది.

చివరి చిక్కు గడియారాలది. ప్రతి ప్లేయర్‌లోని క్రిస్టల్ కాస్త ఎక్కువో తక్కువో వేగంతో నడుస్తుంది. పది లక్షల్లో 50 వంతుల తేడా ఉన్నా గంటకు 180 మిల్లీసెకన్లు జారుతుంది. పక్కపక్క గదుల్లో ప్రతిధ్వనిలా వినిపించడానికి అది చాలు. స్నాప్‌కాస్ట్ వంటి ప్రోగ్రాములు ప్రతి ముక్కకూ సమయం ముద్రవేసి, ప్లేయర్లు ఆ ప్రకారం వేగం సర్దుకునేలా చేస్తాయి. ప్రత్యక్ష ప్రసారం కాబట్టి, ప్లేయర్ ధ్వనిని కాసేపు దాచుకునే బఫర్‌కూ ఇదే సమస్య: ప్లేయర్ ప్రసారకర్త కన్నా వేగంగా నడిస్తే అది ఖాళీ అవుతుంది, నెమ్మదిస్తే నిండిపోతుంది. బఫర్ పెద్దదైతే ధ్వని నిలకడగా ఉంటుంది, ఆలస్యమూ పెరుగుతుంది. వార్తలకు కొన్ని సెకన్లు లెక్కలోవి కావు గానీ, బీబీసీ 1924 నుంచి ఇస్తున్న గంట సంకేతాలను ఇలా విని గడియారం దిద్దుకుంటే మాత్రం అది ఆ కొన్ని సెకన్లూ వెనకబడే ఉంటుంది.