మాచిపత్రి అను నక్షత్రము



ప్రకటన గ్రంథము 8వ అధ్యాయములో మూడవ దూత బూర ఊదగా రాలిన నక్షత్రమును మనమందరము ఎరుగుదుము. దాని పేరు మాచిపత్రి. 1986 ఏప్రిల్ 26న ఉక్రెయిన్‌లోని చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రములో 4వ రియాక్టరు పేలినప్పుడు, అక్కడి అనేకులకు ఈ భాగమే జ్ఞాపకము వచ్చినది. ఏలయనగా వారి భాషలో చోర్నోబిల్ అనగా మాచిపత్రి జాతి మొక్క.

ప్రవచనము నెరవేరినదని మన ప్రసంగీకులలో కొందరు చెప్పుచుందురు. మాకు అంత తొందర లేదు. ఉక్రెయిన్ బైబిలులో ఆ నక్షత్రము పేరు పోలిన్. అది అదే జాతిలో వేరొక మొక్క. ఊరి పేరా, ప్రమాదమునకు ఇంచుమించు ఎనిమిది వందల ఏండ్ల క్రిందటిది. అయినను ఆ వాక్యము వారి కళలలో వేరుపారినది.

2011లో చెర్నోబిల్ పట్టణములో మాచిపత్రి నక్షత్రము అను పేరుతోనే ఒక స్మారక స్థలము తెరచిరి. అక్కడ ఇనుప చువ్వలతో చేసిన దూత బూర ఊదుచున్నాడు. దాని చెంత ఒక బాట. ఆ బాట పొడవున, ఖాళీ అయిన పల్లెల పేర్లు పల్లెకొక బోర్డు చొప్పున నిలిపిరి, మన రోడ్డు ప్రక్కన ఊరి పేరు బోర్డులవలెనే. ఫోటోలలో చూచినప్పుడు దూతకంటె ఆ బోర్డులే మా మనస్సును పట్టుకొన్నవి. ఊరు విడువవలసి వచ్చినప్పుడు బావి, సమాధుల దొడ్డి, తాతలు నాటిన చెట్లు వెంట రావు గదా.

కంప్యూటరు ఆటలలో అదే నేల వికృత మృగములు తిరుగు చోటు. ఆ ఇండ్లలో పుట్టినవారు ఇంకను బ్రతికి యున్నారు, వారికది ఎట్లుండునో!

బెలారూస్ రచయిత్రి స్వెత్లానా అలెక్సియెవిచ్ వేరొక త్రోవ పట్టెను. ఏండ్ల తరబడి బాధితుల యొద్ద కూర్చుండి, మంటలార్పబోయి మరణించిన వాని భార్య మొదలుకొని ఎందరో చెప్పినది విని, 1997లో పుస్తకముగా తెచ్చెను. దాని పేరు చెర్నోబిల్ ప్రార్థన. 2015లో ఆమెకు నోబెల్ బహుమానము వచ్చెను. 2019లో అయిదు భాగములుగా వచ్చిన టీవీ ధారావాహికలోని ఆ భార్య కథ ఈ పుస్తకములోనిదే. ప్రార్థన అని పేరున్నను అందులో ఆమె బోధించునది ఏమియు లేదు. వినుటయే.

ఈ సంగతులు మేము స్త్రీల కూటములో చెప్పగా ఒక పెద్దమ్మ, "అయ్యగారూ, వాళ్ళు విత్తనాలన్నా తెచ్చుకున్నారా?" అని అడిగెను. కొందరు ముసలమ్మలు కావలివారి కన్నుగప్పి తిరిగి వచ్చి, అదే నేలలో బంగాళాదుంపలు నాటుకొనిరని చెప్పితిమి.