నాకన్నా తగినవాడు దొరకలేదట!

అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో పెళ్లి ఆల్బమ్ కన్నా భద్రంగా దాచే వస్తువు ఒకటుంటుంది. ఇమిగ్రేషన్ ఫైలు. ఇల్లు మారేటప్పుడు సామానంతా మూవర్స్‌కి అప్పజెప్పినా, ఆ ఫైలు మాత్రం మన కారులో, మన పక్కసీట్లో కూర్చుని వస్తుంది. మా ఇంట్లోనూ ఉంది. అప్రూవల్ నోటీసులు, పే స్టబ్బులు, పాత పాస్‌పోర్టులతోబాటు నా హెచ్-1బి కోసం అప్పటి కంపెనీ ప్రభుత్వానికి రాసిన ఉత్తరం కూడా అందులో ఉంది. నా గురించి మా అమ్మ కూడా అంత గొప్పగా ఎవరితోనూ చెప్పి ఉండదు. ఈయన చేసే పని మహా క్లిష్టమైనది, దానికి కావలసిన విశేష పరిజ్ఞానం ఈయనకు పుష్కలంగా ఉంది, ఈయన లేకపోతే ప్రాజెక్టు కుంటుపడుతుంది. ఇదీ సారాంశం. అబద్ధమాడితే శిక్షార్హులమని ఒప్పుకుంటూ సంతకం చేసిన పిటిషన్‌కి జతపరిచిన కాగితమది.

ఆ ఉత్తరంలోని పెద్దమనిషిని నేనెప్పుడూ కలవలేదు. ఆయన పేరు మీద జీతం మాత్రం నేనే తీసుకుంటూ వచ్చాను.

హెచ్-1బి వీసా అన్నది 1990 నాటి చట్టంతో వచ్చింది. చేసే పనికి ఫలానా రంగంలో డిగ్రీ స్థాయి చదువు ఉండి తీరాలన్నది దాని మూలసూత్రం. నాదేమో మెకానికల్ ఇంజనీరింగు. పనేమో బ్యాంకు లావాదేవీలు నడిపే జావా ప్రోగ్రాములు. ఈ రెంటికీ చుట్టరికం కలపడానికి లాయర్లు ఇంకో కాగితం పుట్టించారు. మూడేళ్ల ఉద్యోగానుభవాన్ని ఒక ఏడాది కాలేజీ చదువుకింద లెక్కగట్టే వీలు నిబంధనల్లో ఉంది. నా డిగ్రీలోని లెక్కలనీ, హైదరాబాద్‌లో చేసిన ఉద్యోగాలనీ కూడి, కంప్యూటర్ చదువు చదివినట్టేనని ఒక నిపుణుడు రాసిచ్చాడు. 2007 ఏప్రిల్లో దరఖాస్తులు తీసుకోవడం మొదలైన మొదటిరోజే కోటా నిండిపోయి లాటరీ వేశారు. నా పేరు వచ్చింది. ఊళ్లో స్వీట్లు పంచారు.

మా మేనమామకి తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు ఉండేది. నా వేసవి సెలవులన్నీ అక్కడే. ఏ బెల్టు జారుతోందో, ఏ బేరింగు అరిగిందో శబ్దాన్నిబట్టి పట్టేసే మేస్త్రీ ఒకాయన నన్ను వెంట తిప్పుకునేవాడు. సాయంత్రానికి ఊకా, తవుడూ, గ్రీజూ ఒంటికి పట్టించుకుని ఇంటికెళ్తే అత్తయ్య గుమ్మంలోనే ఆపేసేది. ఎంసెట్‌లో మెకానికల్ సీటు వచ్చినప్పుడు అది నాకు రాజీ కాదు, కోరిక. చదువయ్యాక బాలానగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో చేరాను. గదద్దె కట్టి, మెస్సుకి కట్టాక జీతంలో మిగిలేది బస్సు పాసుకి సరిపోయేది. నాతోపాటు చదివిన ముగ్గురు అప్పటికే అమీర్‌పేటలో, మైత్రీవనం పక్క సందుల్లో జావా నేర్చుకుంటున్నారు. నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఊరు ఊరంతా ఒకవైపు నడుస్తుంటే ఇంకోవైపు నడవాలన్న ఆలోచనే రాదు. జిరాక్సు నోట్సులు పట్టుకుని నేనూ వెళ్లి కూర్చున్నాను.

ఇక్కడొక సంగతి స్పష్టంగా చెప్పాలి. నాకు పని చేతకాక కాదు. ఏటా రివ్యూలో ‘ఆశించిన మేరకు చేస్తున్నాడు’ అనే వరుసలోనే ఉంటూ వచ్చాను. ఒకట్రెండుసార్లు అంతకన్నా పైన కూడా. రాత్రి రెండింటికి ఫోను మోగి, ప్రొడక్షన్ ఆగిపోయిందంటే లేచి బ్రిడ్జి కాల్‌లో కూర్చుని తెల్లారేలోపు సరిచేసిన రోజులున్నాయి. అందరూ థాంక్స్ చెప్పేవాళ్లు. కానీ నా పక్కన కూర్చునే కుర్రాడు అదే సమస్య దొరికితే పండగ చేసుకునేవాడు. ఇంటికెళ్లి సరదాకి మళ్లీ కోడ్ రాసేవాడు. కొత్త ఫ్రేమ్‌వర్క్ వస్తే వాడి మొహం వెలిగేది, నాకు ‘మళ్లీ ఇంకోటా’ అని నీరసం వచ్చేది. నాకా వెలుగు ఎప్పుడొచ్చేదంటే, శనివారం పూట మాకు దగ్గర్లోని ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఎవరో ఫోన్ చేసి, “అన్నా, డిష్‌వాషర్ నీళ్లు లాగట్లేదు, ఒకసారి వస్తావా” అన్నప్పుడు. స్క్రూడ్రైవర్ల పెట్టె తీసుకుని నేను బయల్దేరే వేగం చూసి మా ఆవిడ నవ్వేది. “ఆఫీసుకి కూడా ఇంత హుషారుగా వెళ్లొచ్చుగా” అనేది.

ఒకసారి ఆఫీసులో హెచ్‌ఆర్ వాళ్లు ఇంపాస్టర్ సిండ్రోమ్ మీద ఒక సెషన్ పెట్టారు. అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీకి చెందిన పౌలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో బయటపెట్టిన విషయమది. చదువులోనూ, ఉద్యోగాల్లోనూ బాగా రాణించిన ఆడవాళ్లు కూడా తమలో సత్తా లేదని, ఏదో ఒకరోజు దొరికిపోతామని లోలోపల భయపడుతుంటారని వాళ్లు గమనించారు. చాలా విలువైన గమనింపు. కానీ కార్పొరేట్ చేతుల్లో పడ్డాక అది సర్వరోగ నివారిణి అయిపోయింది. “ఈ పని నాకు సరిపడదేమో” అని ఎవరు నోరు తెరిచినా, “అది నీ భ్రమ, నువ్వు సమర్థుడివి” అని భుజం తట్టి పంపించేస్తారు. సమర్థుడినే బాబూ, కాదన్నదెవరు? నేను దొరికిపోతానని భయపడట్లేదు. దొరికిపోకుండా ఇరవై ఏళ్లు ఇలాగే గడిచిపోతాయేమోనని భయపడుతున్నాను. దీనికి ఆ సెషన్‌లో స్లయిడ్ లేదు.

‘ఈ పని నాకు సరిపడదేమో’ అని ఏ దేశపు పౌరుడైనా తన దేశంలో ఉండి అనుకుంటే, అది ఒక ప్రశ్న. రాజీనామా ఇచ్చి, నాలుగు నెలలు ఇంట్లో కూర్చుని, వేరే పని ప్రయత్నించి చూడొచ్చు. వీసా మీద ఉన్నవాడికి అది ప్రశ్న కాదు, ప్రమాదం. ఉద్యోగం పోతే కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి 60 రోజుల గడువు ఉంటుంది. 2017 జనవరి దాకా ఆ మాత్రం కూడా లేదు. 2008లో లేమన్ బ్రదర్స్ కూలాక వచ్చిన శీతాకాలం నాకు బాగా గుర్తు. మా అపార్ట్‌మెంట్ల పార్కింగ్‌లో వారానికో కారు అమ్మకానికి పెట్టి ఉండేది. అలాంటి రోజుల్లో ‘ఈ పనికి నేను తగినవాడినా’ అన్న ఆలోచన వస్తే, బల్లిని తోలినట్టు తోలేసేవాణ్ని. ఉద్యోగం ఉండటమే గొప్ప.

అసలు తమాషా గ్రీన్‌కార్డు దగ్గర మొదలైంది. దానికి మొదటి మెట్టు పెర్మ్. ఈ ఉద్యోగానికి అర్హుడూ, సిద్ధంగా ఉన్నవాడూ అయిన అమెరికన్ ఎవరూ దొరకలేదని కంపెనీ కార్మిక శాఖకు నిరూపించాలి. అందుకోసం నేను రోజూ చేస్తున్న నా ఉద్యోగానికే ప్రకటన వేస్తారు. రెండు ఆదివారాలు పేపర్లో. ముప్ఫై రోజులు రాష్ట్ర ప్రభుత్వపు జాబ్ ఆర్డర్లో. ఆఫీసులో పది పనిదినాలపాటు నోటీసు, అందులో జీతం కూడా రాసి. మా నోటీసు బ్రేక్ రూములో కాఫీ మెషిన్ పక్కన అంటించారు. రోజూ కాఫీ కోసం వెళ్లి, నా పని ఏమిటో, దానికి ఎలాంటివాడు కావాలో, ఎంతిస్తారో చదువుకునేవాణ్ని. చదువుతూ చదువుతూ నిజంగా అనిపించేది: ఈ దేశంలో ఇంతమంది జనంలో దీన్ని ఇష్టపడి చేసేవాడు ఒక్కడైనా ఉండడా, వాడొచ్చి దరఖాస్తు పెట్టకూడదా అని. మరుక్షణం గుండె ఝల్లుమనేది. వాడు నిజంగా వస్తే మా ఇంటి లోను, పిల్లాడి బడి, అన్నీ పోతాయి. ఎవరూ రాలేదు. నాకన్నా తగినవాడు దొరకలేదని ప్రభుత్వం ముద్ర వేసింది.

ఆ తర్వాత నిరీక్షణ. ఉద్యోగాల కోటాలో ఏడాదికి 1,40,000 గ్రీన్‌కార్డులు, ఒక దేశానికి మొత్తంలో 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న నియమం. మన దేశం క్యూ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఈ క్యూలో నిలబడ్డవాడు పని మారితే, మారిన పనికి పెర్మ్ మళ్లీ మొదటినుంచి మొదలవ్వచ్చు. అందుకని ప్రమోషన్ ఇస్తామంటే వద్దని దండం పెట్టినవాళ్లను చూశాను. చివరి దరఖాస్తు వేసి 180 రోజులు దాటాక కంపెనీ మారొచ్చు, కానీ కొత్త పని పాతదాని లాంటిదే అయి ఉండాలి. 2000 నాటి చట్టం ఇచ్చిన వెసులుబాటది. అంటే తలుపు తీశారుగానీ, పక్కగదిలోకే తీశారు.

ఇదే కాలంలో మా ఇంట్లో ఇంకో కథ నడిచింది. మా ఆవిడ ఏలూరులో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. పుట్టుకతోనే టీచరు. ఇక్కడికొచ్చాక, హెచ్-1బి వాళ్ల జీవిత భాగస్వాములకిచ్చే హెచ్-4 మీద అప్పట్లో పని చేయకూడదు. సరిపడని పని చేసి తీరాల్సినవాడు ఒకడు, సరిపడే పని వచ్చీ చేయకూడనిది ఒకతె, ఒకే కంచంలో భోజనం చేసేవాళ్లం. 2015 మేలో కొందరు హెచ్-4 వాళ్లకు పని అనుమతి ఇచ్చే నిబంధన వచ్చింది. ఆమె ఒక స్కూల్లో సబ్‌స్టిట్యూట్ టీచరుగా చేరింది. నా జీతం ముందు ఆమె జీతం ఏ మూలకీ రాదు. కానీ సాయంత్రం ఇంటికొచ్చి ఆమె ఆగకుండా చెప్పుకునే కబుర్లు వింటుంటే, పని సరిపడటమంటే ఎలా ఉంటుందో నా ఎదురుగానే కనబడేది. పని పూర్తయ్యాక కూడా దాని గురించి మాట్లాడాలనిపించడం. నేను కారు గ్యారేజీలో పెట్టేసరికే ఆఫీసుని మర్చిపోయేవాణ్ని.

2020లో కరోనా పుణ్యమా అని వింత జరిగింది. విదేశాల్లో కాన్సులేట్లు మూతబడి కుటుంబ కోటాలో మిగిలిపోయిన గ్రీన్‌కార్డులు ఉద్యోగ కోటాలోకి వచ్చాయి. ఆ ఏడాది అక్టోబరు వీసా బులెటిన్‌లో మన తేదీలు ఒక్క గంతు ముందుకు వేశాయి. కొంత కాలానికి కార్డు చేతికొచ్చింది. ఆ వారంలోనే మా ఆవిడ అడిగింది: “ఇన్నాళ్లూ వీసా ఆపిందన్నారు. ఇప్పుడెవరు ఆపుతున్నారండీ?”

జవాబు చెప్పడానికి చాలా నెలలు పట్టింది. ఎందుకంటే కార్డు వచ్చాక నాలో ఒక మార్పు వచ్చింది. అదే ఆఫీసు, అదే కోడు, కానీ కడుపులో ఎప్పుడూ ఉండే ముడి వదులైంది. మేనేజరు అర్థంలేని గడువు పెడితే కుదరదని చెప్పగలిగాను. రాత్రి ఫోను మోగితే పరిగెత్తలేదు, నడిచాను. అప్పటికిగానీ తెలియలేదు, పని మీద విసుగని నేను అనుకున్నదాంట్లో సగం పని మీద కాదు, బెదురు మీదని. మిగిలిన సగం మాత్రం అలాగే ఉంది. అది నిజమైన సగం. కార్డు వచ్చాక నాకు దక్కిన అసలు స్వేచ్ఛ ఉద్యోగం మానేసే స్వేచ్ఛ కాదు, ఈ రెండు సగాల్నీ విడదీసి చూసుకునే స్వేచ్ఛ.

చుట్టూ రకరకాల ప్రయత్నాలు చూశాను. కార్డు రాగానే రియల్ ఎస్టేట్ లైసెన్సు తీసుకున్న మిత్రుడొకడు, ఇళ్లు చూపించడంకన్నా కోడ్ రాయడమే సుఖమని రెండేళ్లలో వెనక్కొచ్చాడు. బిర్యానీ హోటల్ పెట్టినవాడు పెట్టుబడి పోగొట్టుకున్నా, ఇంకోటి పెడుతున్నాడు. అతనికి అదే సరిపడింది. నేను వాళ్లంత దూరం పోలేదు. గోడౌన్లలో సామాన్లు మోసే కన్వేయర్లు, సెన్సర్లు నడిపే సాఫ్ట్‌వేర్ టీములోకి మారాను. జీతం తగ్గింది. సగం రోజులు తలకి హెల్మెట్ పెట్టుకుని యంత్రాల మధ్యే ఉంటాను. బెల్టు జారుతుంటే ముందుగా నాకే వినబడుతుంది. ఇక్కడా మీటింగులున్నాయి, విసుగు పుట్టించే రోజులున్నాయి. గుళ్లో కలిసిన ఒకాయన మాత్రం జీతం తగ్గిందని విని, గొంతు తగ్గించి అడిగాడు: “ఏమైంది, లేఆఫా?” ఇష్టపడి తక్కువకి దిగిన మనిషి ఉంటాడని మనవాళ్లకి నమ్మకం కుదరదు.

మొన్న మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. బీటెక్ ఆఖరి ఏడాది, కంప్యూటర్ సైన్సు. “మామయ్యా, అక్కడ ఎమ్మెస్‌కి అప్లై చేస్తున్నా. నలభై లక్షలు లోను తీసుకుందామంటున్నారు నాన్న. నాకు కోడింగ్ నచ్చుతుందో లేదో ఇంకా తెలీదు, అక్కడికొచ్చాక చూసుకోవచ్చులే.” మనసుకు నచ్చింది చేయరా అని ఉపన్యాసం ఇవ్వలేదు. మనసుకు నచ్చింది చేయమనడం అప్పులేనివాళ్లు చెప్పే సలహా. దేశం బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్-1బి పిటిషన్లకు లక్ష డాలర్లు కట్టాలని 2025 సెప్టెంబరులో ప్రకటన వచ్చాక లెక్కలు ఇంకా మారాయని మాత్రం చెప్పి, అసలు మాట చెప్పాను: “సాఫ్ట్‌వేర్లోకి రావద్దని అనట్లేదురా. ముందు అక్కడే ఏ కంపెనీలోనైనా ఒకట్రెండేళ్లు చెయ్యి. శనివారం కూడా ఆ పని గుర్తొస్తుందో లేదో చూసుకో. నచ్చకపోతే అక్కడ మానేసి ఇంటికెళ్లి అమ్మ చేతి అన్నం తినొచ్చు. అప్పు మీద, వీసా మీద ఉన్నవాడికి నచ్చలేదని చెప్పుకునే స్తోమత ఉండదు. జవాబు చవగ్గా దొరికేచోటే ఆ ప్రశ్న వేసుకో.”

వాడు కాసేపు ఆగి, “నాన్నకి మీరే చెప్పండి మామయ్యా” అని ఫోను బావగారికిచ్చాడు. ఆయన అంతా విని అన్నారు: “నువ్వు మాత్రం వెళ్లి ఇల్లు కొనుక్కుని, కార్డు తెచ్చుకుని, ఇప్పుడు మావాడికి వద్దని చెప్తున్నావా?”

న్యాయమైన ప్రశ్నే. ఆ ఇల్లూ కార్డూ వచ్చింది సరిపడని ఆ ఉద్యోగంవల్లే. కాదని ఎలా అంటాను? “వద్దని కాదు బావగారూ, ఒకట్రెండేళ్లు ఆగమంటున్నాను, అంతే” అన్నాను. ఆయన ఆలోచిస్తానన్నారు. లోను కాగితాల మీద సంతకం మాత్రం ఇంకా పెట్టలేదని అక్క చెప్పింది.