వాల్తేరు చదువు

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు చేరింది. అక్కడ ఎమ్మేకు అర్థశాస్త్రం తీసుకోమన్నారు మా నాన్నగారు, కొలువు దొరుకుతుందని. నేను చరిత్ర పట్టాను. రెండేళ్ళలో ఏదో ఒకటి సాధించి చూపాలి గదా! తీరా పుస్తకం తెరిస్తే సముద్రపు గాలి, సాయంత్రమైతే మిత్రుల కేక: "బీచికి రావుటోయ్?" ముంతకింద పప్పు ముందు మౌర్యులెంత!

ఒక ఆదివారం ఆ షికారే నన్ను భీమిలి దారిలోని తొట్లకొండ ఎక్కించింది. రెండువేల ఏళ్ళనాటి బౌద్ధారామం. వాననీరు నిలవచేసుకునేందుకు రాతిలో తొలిచిన తొట్లు, ఎదురుగా సముద్రం. ఆ భిక్షువులకూ మనస్సు చలించే ఉంటుంది పాపం! నా వ్యాసానికి విషయం దొరికింది.

సెలవుల్లో నాన్నగారిని తీసుకువెళ్ళాను. తొట్లన్నీ పరకాయించి చూసి, "వీళ్ళకు పొదుపు తెలుసునురా! ఇదీ అర్థశాస్త్రమేగా!" అన్నారు.