నాన్న కొనిచ్చిన చాకు

పర్సు మరిచిపోయిన రోజులున్నాయి గానీ, జేబులో చాకు లేకుండా నేను గడప దాటిన రోజులు తక్కువ. ఇంటర్ చదవడానికి హాస్టల్‌కు వెళ్తుంటే మా నాన్న బెజవాడలో కొనిచ్చిన మడత చాకు అది. చెక్క పిడి. తెరిస్తే టక్కున బిగుసుకుంటుంది. వెనకున్న మీట నొక్కితే గానీ మళ్లీ మడవడానికి రాదు.

"మామూలు చాకయితే కాయ కోస్తుండగా మడుచుకుపోయి వేలు తెగుతుందిరా. దీంతో ఆ భయం లేదు" అన్నాడు నాన్న. ఆయన చూపుడువేలి మీద అలాంటి గాటు ఒకటి ఉండేది.

నాన్న పోయి ఇరవై ఏళ్లు దాటింది. చాకు మాత్రం నా దగ్గరే ఉంది. టీచరుగా ఎందరు పిల్లల పెన్సిళ్లు చెక్కానో! రైల్లో పక్కవాళ్లకు మామిడిపళ్లు కోసిపెట్టాను. పెరట్లో గులాబీలకు అంట్లు కట్టాను. దాన్ని ఎవరైనా ఆయుధమంటే నవ్వేవాణ్ణి.

రెండేళ్ల కిందట మా అబ్బాయి దగ్గరికి ఇంగ్లండ్ వెళ్లాం. వాళ్లుండేది రెడింగ్‌లో. విమానంలో చేతి సంచిలో చాకు రానివ్వరని తెలుసు కాబట్టి, చెకిన్‌లో వేసే పెద్ద సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టాను. వెళ్లిన మర్నాడు అలవాటుగా జేబులో వేసుకుని మనవడితో పార్కుకు వెళ్లాను. బెంచీ మీద కూర్చుని వాడికి యాపిల్ కోసి ఇస్తున్నాను. ఎదురుగా వస్తున్న ఒకావిడ నా చేతివంక చూసి, దారి మార్చుకుని వెళ్లిపోయింది. ఏదో తొందరలో ఉందేమో అనుకున్నాను.

మనవడికి పదకొండేళ్లు. ముత్తాత చాకు కథ చెబితే కళ్లింతలు చేసుకుని విన్నాడు. సోమవారం పొద్దున టిఫిన్ డబ్బా పెడదామని మా కోడలు వాడి స్కూలు బ్యాగు తెరిచింది. అడుగున నా చాకు!

"ఫ్రెండ్స్‌కి చూపిద్దామని, తాతయ్యా" అన్నాడు వాడు.

కోడలు మెట్ల మీదే కూలబడింది. మా అబ్బాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పిల్లాడు సరదా పడితే ఇంత కంగారా?" అన్నాను.

"నాన్నా, ఇక్కడ పదేళ్లు నిండితే పిల్లల మీద కూడా కేసు పెట్టొచ్చు" అన్నాడు.

ఆ రాత్రి వాడు స్కేలు తెచ్చాడు. అక్కడ 1988లో చేసిన చట్టం ప్రకారం, సరైన కారణం లేకుండా బయట కత్తి పట్టుకు తిరగడం నేరం. మినహాయింపు ఒక్క మడత చాకుకే. అదీ మూడంగుళాలు మించకూడదు. కొలిస్తే నాది రెండు ముప్పావు.

"చూశావా, ఇంకా పావంగుళం మిగిలింది!" అన్నాను.

వాడు చాకు తెరిచి, మడవబోయి ఆగాడు. "దీనికి మీట ఉంది నాన్నా. ఇలా బిగుసుకునేదాన్ని మడత చాకుగా లెక్కించకూడదని ఇక్కడి కోర్టులు ఎప్పుడో చెప్పాయి. అప్పుడు అంగుళాలతో పని లేదు."

చేసే పని కోసం కత్తి తీసుకెళ్లేవాళ్లకు, మతాచారంగా కిర్పాణ్ ధరించే సిక్కులకు చట్టంలో వెసులుబాటు ఉంది. ఆత్మరక్షణ కోసమంటే మాత్రం ఒప్పుకోరు. నేరం రుజువైతే పెద్దవాళ్లకు నాలుగేళ్ల దాకా జైలు పడవచ్చు.

నా వేలు తెగకూడదని నాన్న ఏరి కొన్న ఆ మీటే అక్కడ నేరమైంది. ఆ రాత్రి నాకు కోపమే వచ్చింది. మా నాన్ననే ఎవరో అనుమానించినట్టు అనిపించింది.

తర్వాత ఒకరోజు బజారులో ఒక ఇనప డబ్బా చూపించాడు మా అబ్బాయి. దగ్గరున్న కత్తులు జనం తెచ్చి అందులో పడేసి వెళ్లొచ్చట. తోటి పిల్లల చేతుల్లో కత్తిపోట్లకు చనిపోయిన పిల్లల గురించి చెప్పాడు. ఎదుటివాడి దగ్గర ఉంటుందేమోనన్న భయంతో ఒకడు, వీడి దగ్గర ఉంది కదా అని మరొకడు జేబులో పెట్టుకుంటారట. అప్పుడు పార్కులో దారి మార్చుకున్న ఆవిడ గుర్తొచ్చింది. ఆవిడకు మా నాన్న ఎలా తెలుస్తాడు? కనిపించింది చాకే కదా!

ఉన్న మూడు నెలలూ చాకు వంటింటి సొరుగులోనే ఉంది. ఇంట్లో వాడుకుంటే తప్పు లేదు. మనవడు నా పక్కన కూర్చుని దాంతోనే యాపిల్స్ కోసేవాడు.

ఇంటికొచ్చాక మన చట్టమూ తెలుసుకున్నాను. 1959 నాటి ఆయుధాల చట్టం కింద చేసిన నిబంధనల్లో తొమ్మిది అంగుళాలకు మించి పొడవు, లేదా రెండంగుళాలకు మించి వెడల్పు ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలో ఉన్నాయి. ఇంటి అవసరాలకు, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. ఢిల్లీ లాంటి చోట బటన్ చాకులకు అంతకంటే చిన్న కొలతే పెట్టారు. ఇన్నేళ్లు జేబులో పెట్టుకు తిరిగినవాణ్ణి, ఒక్కనాడూ ఆ సంగతి ఆరా తీయలేదు.

ఇప్పుడు ఊరు దాటాల్సి వస్తే చాకును బీరువాలో పెట్టి వెళ్తున్నాను. సెలవులకు వస్తానని మొన్న ఫోన్లో మనవడు చెప్పాడు. పెరట్లో జామకాయలు తనే కోస్తాడట. మీట ఎలా నొక్కాలో వాడికి ముందే నేర్పాను. దాన్ని ఎక్కడ జేబులోంచి తీయకూడదో మాత్రం మేమిద్దరం కలిసే నేర్చుకున్నాం.